ఎర్ర గచ్చు ఆరేలోగా

పుదుచ్చేరి సిమెంటుకు రంగు నేర్పినవాణ్ణి నేను. నాకు ముందు ఈ ఊళ్ళో సిమెంటంటే బూడిద రంగే. అరుగులైనా, కూడాలనే ముందు హాళ్ళైనా వానలో తడిసిన ఎనుము వీపులా ఉండేవి. నేను తాపీ పట్టాకే ముత్యాలపేట నుంచి సముద్రం దాకా ఇళ్ళలో నేలలు ఎర్రబడ్డాయి, అరుగుల అంచులు నల్లగా తేలాయి, దేవుడి గదుల ముందు పచ్చటి తామరలు పూశాయి. ఈ మాట నేను కొన్ని వందలసార్లు చెప్పాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, రక్తపరీక్షకు సూది గుచ్చుతున్న నర్సమ్మకు కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగే వయసున్నవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు గనక ఏటికేడు ఈ మాట బలపడుతూ వస్తోంది.

మొన్నీమధ్య ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు హర్షిత. విజయవాడ పిల్ల. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఊరు నచ్చి, పాత ఇళ్ళు బాగుచేయించే పనిలో ఉండిపోయింది. ముత్యాలపేటలో ఒక ఇంటిని అతిథులు దిగే విడిదిగా మారుస్తున్నారట. గొట్టాలు వేయడానికి వంటింటి పక్క నేలంతా పగలగొట్టారు. ముందు కూడంలో ఎర్ర గచ్చు అద్దంలా ఉంది, దానికి సరిపోయే ఎరుపు మాత్రం ఈ పక్కన రావడం లేదు. ఆరుసార్లు పోసి చూశారట. ఒకసారి గులాబీ వచ్చింది, ఒకసారి ప్లాస్టిక్ బకెట్టు రంగు వచ్చింది. తట్టాంచావడిలో మాకు రంగు సిమెంటు పలకల కార్ఖానా ఉంది, ఇప్పుడు మా అల్లుడు చూసుకుంటాడు. అక్కడ అడిగితే నా దగ్గరికి పంపారు. ఫోన్లో ఫొటో చూపించింది. నేను వెంటనే గుర్తుపట్టాను. పట్టకపోతే ఎలా, అది నా మామగారిల్లు, మా ఆవిడ రుక్మిణి పుట్టి పెరిగిన ఇల్లు. చేతులు మారి చాలాకాలమైంది. ఆ కూడం నా మొదటి పని. ఆ పని చూసే నాకు పిల్లనిచ్చారు. ఇది కూడా నేను వందలసార్లు చెప్పిన మాటే.

నోటికి లేని భయం రాసేటప్పుడు చేతికి ఉంటుంది. కాబట్టి మొదటి పేరాలో కొంత వెనక్కి తీసుకుంటున్నాను. సిమెంటుకు రంగు నేర్పింది నేను కాదు. నేను పుట్టకముందే ఈ ఊళ్ళో ఎర్ర గచ్చులున్నాయి. నాకు ఆ పని నేర్పిన మా చిన్నాయన గోవిందరాజులుకే దాన్ని ఇంకెవరో నేర్పారు. ముత్యాలపేట నుంచి సముద్రం దాకా అన్నదీ కొంచెం సాగింది, నాలుగు వీధులనుకోండి. తామరపువ్వు రెండిళ్ళలో వేశాను, అందులో ఒకటి క్యాబేజీలా వచ్చింది. అయితే ఒక్కటి మాత్రం నా సొంతం. ఆ ఎరుపుకు అంత లోతు తెచ్చే రహస్యం నేను కనిపెట్టాను. హర్షితకు అది చెబుదామనే కూర్చోబెట్టాను. దానికి ముందు మా ఇంటి సంగతి చెప్పాల్సి వచ్చింది.

మాది పొలమున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎన్ని తరాలుగా ఇలా ఉన్నామో మా అవ్వకే తెలియదు. నాన్నకు పెద్ద మార్కెట్టు దగ్గర బియ్యపు కొట్టు. చిన్నాయన ఒక్కడే దారి తప్పి మేస్త్రి అయ్యాడని అవ్వ బాధ. సిమెంటులో కలిపే ఎర్ర ఆక్సైడును మా ఇంట్లో కావిపొడి అనేవాళ్ళం. అది ఆవగింజంత అంటుకుంటే అరచేయంత పాకుతుంది. మా ఇంట్లో ఎర్రగా లేనిది పాలచెంబు ఒక్కటే. చిన్నాయన స్నానం చేస్తే వీధి కాలువ ఎర్రగా పారేది, పక్కింటివాళ్ళు దాన్నిబట్టి ఆయన ఇంటికొచ్చాడని తెలుసుకునేవాళ్ళు. అందరి మడమలూ ఎర్రనే. పిల్లి కాళ్ళు కూడా. అవ్వ తన తెల్ల చీర కొంగు మీద మరక చూసుకుని రోజూ ఒక మాటే అనేది. "పొలముండే ఇంట్లో పుట్టి మన్ను పిసికేదేందిరా." చిన్నాయన కాళ్ళు కడుక్కుంటూ, "పొలంలో ఉండేది మన్ను గాదా అమ్మా," అనేవాడు. మర్నాడు అవ్వ మళ్ళీ అదే అడిగేది.

రంగు చూడటం అన్నది మా ఇంట్లో వంటింటి పని. తడిలో ఉన్న ఎరుపు వేరు, ఆరాక వచ్చే ఎరుపు వేరు. తడిలో చూసి మోసపోని మేస్త్రి లేడు. అందుకని చిన్నాయన ప్రతి కొత్త ఇంటికి ముందు కావిపొడి, సిమెంటు పాళ్ళు మార్చి మార్చి కలిపి, ఇటుక ముక్కల మీద పూసి, పొయ్యి వెచ్చదనానికి వరసగా పేర్చేవాడు. ఆ పక్కనే దోసెపిండి గిన్నె. చిన్నమ్మ సణుగుతుండేది. "ఈ ఎర్ర పిండి ఈడ పెట్టొద్దంటే వినవు. ఒకనాడు మార్చి దోసె పోసేస్తాను, తిందువు." చిన్నాయన ఇటుకను వెలుగులో తిప్పి చూస్తూ, "పోసెయ్యి. రంగు ఎట్ట వచ్చిందో తిని చెప్తాను," అనేవాడు. ఈ ఊరి పోలీసుల టోపీ ఎరుపంటే ఆయనకు పడదు. అది కేకలేసే ఎరుపు, దాని మీద పడుకుంటే నిద్ర రాదు అనేవాడు. ఆయనకు కావలసింది కల్లంలో నెలరోజులు ఎండిన మిరపకాయ రంగు. ఆ రంగు వచ్చిన ఇటుకను వేలితో తట్టి చిన్నమ్మ చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని పూజగది గూట్లో దాచేది. సణిగేది ఆమే, దాచేదీ ఆమే. ఇప్పటికీ నాకు గచ్చు తుడిచే కొబ్బరినూనె వాసన, తడి సిమెంటు వాసన, పులిసిన పిండి వాసన మూడూ కలిపి ఒకటే వాసన. విడివిడిగా తగిలితే ఏదో తక్కువైనట్టుంటుంది.

నేను చదువు చాలించి చిన్నాయన వెంట తిరుగుతున్నానని నాన్నకు కోపం. చివరికి ఇద్దరన్నదమ్ములూ ఒక మాటకొచ్చారు. "ఒక సమచ్చరం ఇస్తాను. చేతికి పనొస్తే వాడు నీవాడు. రాకుంటే కొట్లో త్రాసు కాడ కూర్చుంటాడు, ఇంక మాట లేదు," అన్నాడు నాన్న. ఆ ఏడాదిలో పదకొండు నెలలు నేను కావిపొడి జల్లించాను. పాత పంచె ముక్కలో వేసి మూడుసార్లు, పలుకు తగలకుండా. తడి గోనెలు పరిచాను, నీళ్ళు చల్లాను, ముక్కు ఎర్రగా చీదాను. కానీ గచ్చు మీద చివరి తాపీ చిన్నాయన నాకు ఇవ్వలేదు. ఆ పనంతా ఒక్క సమయంలో ఉంది. రంగు ముద్ద పరిచాక పైనున్న నీరు లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగకముందు తాపీ పెడితే రంగు తేలిపోతుంది, దిగి గట్టిపడ్డాక పెడితే తాపీ గీతలు నల్లగా నిలిచిపోతాయి. వేలు పెట్టి చూడాలి. గచ్చు మీద గుంట పడాలి, వేలికి ఎరుపు అంటకూడదు. అప్పుడు చెక్కపలక మీద కూర్చుని ఒంటి బరువంతా మణికట్టులోకి తెచ్చి నొక్కాలి. ఆరేలోగా మూడుసార్లు. అంతే విద్య. ఆ అంతేలోనే జీవితం పోతుంది.

పన్నెండో నెలలో ముత్యాలపేట పని వచ్చింది. గానుగ నూనె వ్యాపారం చేసే తెలుగువాళ్ళ ఇల్లు. చిన్నాయనకు అదే వారం విల్లియనూరులో ఇంకో పని. ఆయన నన్ను ఆ ఖాళీ కూడం మధ్య నిలబెట్టి చెప్పాడు. "ఇది నీది. పాళ్ళు నేను కలిపి ఇచ్చి పోతాను, మిగిలింది నువ్వు చూసుకో. వారమైనాక మీ నాయన్ని తోడుకొచ్చి చూపిస్తాను. నిలిచిందా, నాతో ఉండు. లేదా, త్రాసు కాడికి పో. నేను అడ్డం రాను." త్రాసు అంటే నాకు నామోషీ కాదు, కానీ కొట్లో కూర్చుంటే ఒక రంగును కూడా నేను పుట్టించలేను. బియ్యం ముందే తెల్లగా ఉంటుంది.

ఇక్కడే నా రహస్యం. అవ్వ తన పుట్టింటి గోడల గురించి చెప్పేది. సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపి పూసేవారట. ఆ గోడలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేదట. నాకు అనిపించింది, సున్నానికి అంత మెరుపు ఇచ్చే బెల్లం సిమెంటుకు ఇవ్వదా అని. చిన్నాయనకు ఇది తోచలేదంటే ఆయనకు వయసైపోయిందనుకున్నాను. అప్పటికి ఆయనకు నలభై నిండలేదు. చిన్నమ్మ చూడకుండా ఉట్టిలోని అచ్చుబెల్లం ముక్కలు తువ్వాల్లో కట్టుకుపోయి, తొట్టి నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళతోనే రంగు ముద్ద కలిపాను. ఉదయం ఎండ రాకముందు ఇద్దరు కూలీలతో పరిచాను. పరిచిన ముద్ద ఎంత నునుపుగా జారిందంటే, నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదింటికి వేలు పెట్టాను. ఎరుపు అంటింది. సరే, కాసేపు ఆగుదామనుకున్నాను. పన్నెండింటికి పెట్టాను. ఎరుపు. రెండింటికి పెట్టాను. వేలు ఇంకా లోతుకు పోయింది. కూలీలు అరుగు మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడింటికి చీమలొచ్చాయి. గుమ్మం కింద నుంచి ఒక వరస, కిటికీ కింద నుంచి ఒక వరస, ఊరేగింపులా. ఆ ఇంటి పిల్ల మజ్జిగ తెచ్చి, గడపలో నిలబడి కాసేపు చూసింది.

"గచ్చుకు చీమలెందుకు వస్తా ఉండాయి?" అంది.

"ఎర్రచీమలు. రంగు చూసి వస్తాయి," అన్నాను.

ఆమె వంగి చూసింది. "ఇవి నల్లచీమలు గదా."

నాకూ రుక్మిణికీ మధ్య జరిగిన మొదటి సంభాషణ అది. దాన్ని నేను తర్వాత చాలా అందంగా మార్చి చెబుతూ వచ్చాను. జరిగింది మాత్రం ఇంతే.

పొద్దు వాలేసరికి నేల గంజిలా ఉంది. నాకు జ్వరం వచ్చినట్టయి కురుచికుప్పంలో ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్ళి పడుకున్నాను. ఇలా రాస్తే బాగుంటుంది. జ్వరం లేదు. పారిపోయాను. కూలీలకు ఇప్పుడే వస్తానని చెప్పి, తాపీ కూడా కడగకుండా, వెనక సందులోంచి సముద్రం వైపు నడిచాను. చేపల వలలు ఆరేసిన ఇసుకలో రెండు రోజులు కూర్చున్నాను. స్నేహితుడి తల్లి అన్నం పెట్టింది, ఏమైందని అడగలేదు. ఎర్ర చేతులతో వచ్చినవాణ్ణి ఏమడుగుతుంది, హత్య చేశాననుకుందేమో. మూడో రోజు ఉదయం నా చేతులు చూసుకున్నాను. ఉప్పునీళ్ళలో ఎంత రుద్దినా ఎరుపు పోలేదు. ఏమైతే అదవుతుంది, చిన్నాయన కొడితే కొట్టనీ, నాన్న త్రాసు ఇస్తే ఇవ్వనీ అనుకుని లేచి నేరుగా ముత్యాలపేట వెళ్ళాను.

కూడం నిండా తడి గోనెలు పరిచి ఉన్నాయి. చిన్నాయన గుమ్మం దగ్గర కూర్చుని వక్క నములుతున్నాడు. కుడిచేతికి గుడ్డ కట్టు ఉంది. నన్ను చూసి తిట్టలేదు. "వచ్చినావా. తీసి చూడు," అన్నాడు. గోనె అంచు ఎత్తాను. కింద కల్లంలో ఎండిన మిరపకాయ రంగు, గీత లేదు, మచ్చ లేదు. వేలు పెడితే రాయి. బెల్లం ఆలస్యం చేసింది గానీ మోసం చేయలేదన్నమాట. నెమ్మదిగా ఆరింది గనకే రంగు లోతుకు దిగిందన్నమాట. నేను ఈ శాస్త్రమంతా చిన్నాయనకు వివరించాను. ఆయన అంతా విన్నాడు. "సరే. ఆ విద్య ఈ ఒక్క ఇంటికి చాలు. ఇంకెప్పుడూ బెల్లం పోయొద్దు," అన్నాడు. మహిమ గల మందును మాటిమాటికీ వాడకూడదని పెద్దవాళ్ళంటారు కదా, అలాంటిదే అనుకున్నాను. వారం తర్వాత నాన్న వచ్చి చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడ్డాడు. కిందికి చూశాడు, నన్ను చూశాడు, త్రాసు మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. మరుసటి ఇంట్లో చిన్నాయన చివరి తాపీ నా చేతికిచ్చి తాను గోనెలు తడిపాడు. ఆ ఇంట్లో నా చెయ్యి వణకలేదు. ఒకసారి అంతటి గచ్చు పోసినవాడికి చెయ్యి ఎందుకు వణుకుతుంది.

తర్వాత నేను పోసిన నేలలు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. వాటి మీద పిల్లలు పాకారు, కందిపప్పు ఎండింది, మనుషులు ఆఖరిసారి పడుకున్నారు. నాలుగు వీధులే కావచ్చు, ఆ నాలుగు వీధుల్లో నా గచ్చు పగిలిందని ఒక్కరూ నా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు మా కార్ఖానాలో రంగులు డబ్బాల్లో వస్తాయి. పొడిని కంప్యూటరు కాటాలో గ్రాముల్లో తూస్తారు. తిరిగి తిరిగి నాకు చివరికి తూకమే వచ్చిందని నాన్న ఉంటే నవ్వేవాడు. పలకలన్నీ ఒకే ఎరుపు, పనివాళ్ళ చేతులకు తొడుగులు, ఎవరి మడమలూ ఎర్రగా లేవు. చెడ్డ సరుకని అనను, నా సొంత సరుకును నేనెందుకంటాను. కానీ ఈ పలక అచ్చులోంచి తీసిన రోజు ఎంత బాగుంటుందో, ఇక అంతకంటే బాగుండదు. ఆ రోజు నుంచి తగ్గడమే. మా గచ్చు మొదటి రోజు మొద్దుగా ఉండేది. ఆడవాళ్ళు వారం వారం కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఇంటిల్లిపాదీ ఒట్టి కాళ్ళతో తిరిగి తిరిగి, ఏళ్ళ మీద దానికి వెలుగు తెచ్చేవాళ్ళు. రంగు మేం పోసేవాళ్ళం, మెరుపు ఆ ఇంటివాళ్ళది. హర్షితకు ఇది చెబితే తలూపింది. ఆమెకు కావలసింది ఇది కాదని నాకు తెలుసు. అందుకని గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాను. బస్తా సిమెంటుకు రెండు అచ్చుల బెల్లం. ఆ పిల్ల శ్రద్ధగా ఫోన్లో రాసుకుంది. "ఎల్లుండి నేల పోస్తున్నాం తాతయ్యా, మొత్తం ఇలాగే కలిపిస్తాను," అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రుక్మిణి చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"అది కొట్టేసెయ్యి పాపా. బెల్లం పోస్తే సిమెంటు ఆరదు."

"ఆరింది కదా. నీ ఇంట్లోనే కదా ఆరింది," అన్నాను.

"ఆరలేదు. మీరు పోయినంక కూలోళ్ళు పోయి చెప్తే మర్నాడు పొద్దన్నే చిన్నమామ వచ్చినాడు." మా చిన్నాయన్ని ఆమె అలా పిలుస్తుంది. "వేలు పెట్టి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు. నవ్వినాడు. చొక్కా విప్పి పార తీసుకొని మొత్తం గోకేసినాడు. చెయ్యంతా కొట్టుకుపోయింది. మధ్యాన్నానికి మళ్ళీ కొత్తగా పోసినాడు. మాయమ్మ నీళ్ళు పోసింది."

హర్షిత ఫోను పట్టుకుని నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోంది. నేను రుక్మిణి వైపు తిరిగాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పొద్దన్నాడు. తెలిస్తే ఈ నాకొడుకు మళ్ళీ తాపీ పట్టడమ్మా, చెయ్యి వణుకుతుంది అన్నాడు. ఒట్టేయించుకున్నాడు. సుమ్మా ఊరికే మీరు కతలు చెప్పుకుంటా ఉంటే నాకేం, వింటా ఉన్నాను. ఇప్పుడు ఈ పాప పనిగూడా చెడగొడతా ఉంటే ఎట్ట ఊరుకునేది?"

"మరి మీ నాయన నాకు నిన్నెందుకిచ్చినాడు?" అన్నాను. పుస్తకాల తెలుగు నా నోట్లోంచి ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

"మూడోనాడు మళ్ళీ వచ్చినారు గదా. పారిపోయినోడు తనంతట తాను తిరిగి రావడం మా నాయన అంతకుముందు చూడలేదంట."

"అయితే ఆ గచ్చులో నాది..."

"ఏం లేదు. మీరు పోసింది గోకి ఎత్తితే పదకొండు తట్టలయింది. నేనే మోసినాను."